నాయనకు ఎండ పడదంటున్నారు, తోట గుత్తకిచ్చేయాలా?

తిరుపతిలో ఉంటున్న ఒక పాఠకురాలు వాళ్ల నాయన గురించి పెద్ద ఉత్తరం రాశారు. ఆయనకు 69 ఏళ్లు. చిత్తూరు దగ్గర్లోని పల్లెలో నాలుగెకరాల తోతాపురి మామిడి తోట, రెండు పాడి ఆవులు. మూడేళ్ల కిందట వానలు పడ్డాక మొహం మీద, మెడ వెనక, పై గుండీ తీస్తే కనబడేంత మేర ఛాతీ మీద, మోచేతుల నుంచి మణికట్ల దాకా ఎర్రగా దద్దుర్లు లేచాయి. ఒకటే దురద. ఆ ఏడు సంక్రాంతి నాటికి తగ్గిపోయాయి. మరుసటి ఏడు శివరాత్రి దాటినా తగ్గలేదు. ఈసారి అసలు తగ్గడమే లేదు. చర్మం నల్లబడి, మందమై, గీతలు పడింది. పొద్దున లేచేసరికి కనురెప్పలు ఉబ్బి ఉంటాయి. చెవుల వెనక, మోచేతి మడతల్లో కూడా రసి కారుతోంది. గోక్కోవడంతోనే తెల్లవారుతోంది.

బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. బీపీ మాత్ర మూడేళ్ల కిందటే మార్చారు. మెడికల్ షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే నాలుగు రోజులు బాగుండి మళ్లీ మొదలు. ఊళ్లో ఆర్‌ఎంపీ నెలకో ఇంజక్షన్ వేస్తున్నాడు. వేసిన పది రోజులు హాయిగా ఉంటుంది. షుగరు మాత్రం 300 దాటింది. చిత్తూరులో ఒక డాక్టరు చూసి, ఎండ ఎలర్జీ, ఇకమీదట ఎండలోకి పోవద్దని చెప్పి పంపారు. అక్కడినుంచి ఇంట్లో గొడవ. బెంగళూరులో ఉన్న తమ్ముడు తోట గుత్తకిచ్చేసి అమ్మానాయనలను తీసుకెళ్తానంటున్నాడు. 'తోట దిక్కు పోకుంటే నాకు అన్నం సయించదు' అని పెద్దాయన పట్టు. అమ్మ శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించాలంటోంది, తిరుమలలో ఆయన తలనీలాలు ఇస్తారని మొక్కుకుంది కూడా. వీటన్నిటికన్నా ఈమెను కలచివేసింది వేరే ఉంది. ఒక పెళ్లిలో భోజనాలకు కూర్చోబోతుంటే బంధువొకాయన 'మామకు ఆ పక్కన ఆకు వేయండి' అన్నాడట. అప్పటినుంచి ఆయన ఏ శుభకార్యానికీ పోవడం లేదు, మనవళ్లను దగ్గరికి తీయడం లేదు. ఇది పెద్దరోగమా, క్యాన్సరా, పిల్లలకు అంటుతుందా, తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాకు తీసుకెళ్లాలా వెల్లూరుకా, తోట సంగతేం చేయాలి అని అడిగారు.

అమ్మా, ముందు ఆ పక్కన వేసిన ఆకు సంగతి తేల్చేద్దాం.

మీరు రాసిన లక్షణాలు కుష్టుకు సరిపోవడం లేదు. కుష్టు మచ్చ సాధారణంగా దురద పెట్టదు, పైగా అక్కడ స్పర్శ తగ్గుతుంది. మీ నాయన రాత్రంతా గోక్కుంటున్నారు. అయితే మొహం చర్మం మందమై, చెవి తమ్మెలు లావెక్కినప్పుడు చూసినవాళ్లకు ఆ అనుమానం వస్తుంది. అందుకే డాక్టరు కూడా స్పర్శ చూసి, నరాలు తడిమి, అది కాదని నిర్ధారించుకుంటారు. ఒకవేళ ఎవరికైనా అదేనని తేలినా ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం, 6 నుంచి 12 నెలలు వాడితే నయమవుతుంది. పక్కన ఆకు వేయాల్సిన అవసరం అప్పుడు కూడా లేదు.

ఎండ వల్ల, మొక్కల వల్ల, మాత్రల వల్ల వచ్చే చర్మబాధ ఏదీ ఇంకొకరికి అంటదు. మనవళ్లను నిశ్చింతగా ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. ఒక్కటి మాత్రం చూసుకోండి. రాత్రిపూట దురద అంటున్నారు కాబట్టి ఆయన వేళ్ల సందుల్లో, నడుం చుట్టూ చిన్న పొక్కులున్నాయా, ఇంట్లో మరెవరైనా గోక్కుంటున్నారా? ఉంటే గజ్జి కూడా తోడై ఉండొచ్చు. అది అంటుకుంటుంది, కానీ మందు రాస్తే పోతుంది.

క్యాన్సర్ గురించి: మన చర్మపు రంగువాళ్లలో ఎండ వల్ల వచ్చే చర్మ క్యాన్సర్ అరుదు. అయినా మూడేళ్లుగా మందంగా ఉన్న చర్మం నుంచి మిరియపు గింజంత ముక్క తీసి బయాప్సీకి పంపడం మంచిదే. చర్మంలో మొదలయ్యే లింఫోమా అనే ఒక రకం క్యాన్సర్ కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది. భయపడి కాదు, ఆ అనుమానం పక్కన పెట్టేయడానికి.

ఇక అసలు విషయం. పెద్ద వయసులో ఎండ పడకపోవడానికి కారణాలు చాలా ఉంటాయి, ఒక్కోదానికి వైద్యం ఒక్కోలా ఉంటుంది. అదేమిటో తేలకుండానే మీ ఇంట్లో తోట గురించి, బెంగళూరు గురించి తగాదా పడుతున్నారు. కారణం తేలితే ఆ తగాదాలో సగం దానంతటదే పోవచ్చు. మీ ఉత్తరంలో నాకు ఇద్దరు ముద్దాయిలు కనిపిస్తున్నారు, ఇద్దరూ కలిసి కూడా ఉండొచ్చు.

మొదటిది తోటలోనే ఉంది. మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యం దగ్గర నేను ఆగిపోయాను: చెవుల వెనక, మోచేతి మడతల్లో కూడా రసి కారుతోందన్నారు. ఎండ ఒక్కటే కారణమైతే ఎండ తగలని చోట్లు బాగుండాలి. గడ్డం కింద, చెవి వెనక, పై కనురెప్ప, మెడ ముడతల లోపల, వాచీ బెల్టు కింద చర్మం మామూలుగా ఉండాలి. అందుకే అనుభవమున్న స్కిన్ డాక్టరు మచ్చలున్న చోటు కన్నా లేని చోటును ఎక్కువసేపు చూస్తారు. గాలిలో ఎగిరొచ్చే దుమ్ముకు ఈ తేడా లేదు. అది గడ్డం కిందికీ పోతుంది, రెప్పల మీదా వాలుతుంది, చెమట పట్టే మడతల్లో చేరి అక్కడే కూర్చుంటుంది.

మీ వైపు తోటల్లో వానలు పడగానే మోకాలెత్తు, కొన్నిచోట్ల నడుమెత్తు లేచే వయ్యారిభామ మీకు తెలియనిది కాదు. క్యారెట్ ఆకులాంటి ఆకు, పైన చిన్న చిన్న తెల్ల పూలు. 1950లలో పుణె ప్రాంతంలో కనిపించి, అక్కడినుంచి దేశమంతా పాకిన కలుపు ఇది. దీనిలో పార్థెనిన్ అనే పదార్థం ఉంటుంది. పడనివాళ్లకు పుప్పొడి చాలు, ఎండిన ఆకు మీది సన్నటి నూగు చాలు. కలుపు కోసే మిషన్ తిప్పిన రోజు తోటలో లేచే దుమ్ములో ఉండేది చాలావరకు ఇదే.

'నలభై ఏళ్లుగా అదే తోటలో తిరుగుతున్నాడు, అప్పుడు రానిది ఇప్పుడెలా వచ్చింది' అని మీ ఇంట్లో ఎవరో ఒకరు అడుగుతారు. ఎలర్జీ మొదటి రోజే రాదు. ఏళ్ల తరబడి తగులుతూ తగులుతూ ఒకనాడు శరీరం దాన్ని శత్రువుగా పట్టేసుకుంటుంది. ఆ తర్వాత కొంచెం తగిలినా ఊరుకోదు. మొదటి ఏడు వానాకాలానికి వచ్చి సంక్రాంతికి పోవడం, రెండో ఏడు ఇంకొంచెం నిలవడం, మూడో ఏడు ఏడాది పొడుగునా ఉండిపోవడం ఈ మొక్క ఎలర్జీ తరచూ నడిచే దారే. ఇలా ముదిరినవాళ్లలో కొందరికి మొక్కతో పాటు ఎండ కూడా పడకుండా పోతుంది. నీడలో పదేసి నిమిషాలు నిలబడినా మొహం మండుతుంది. దీన్ని డాక్టర్లు క్రానిక్ యాక్టినిక్ డెర్మటైటిస్ అంటారు. ఎక్కువగా 50 దాటిన మగవాళ్లకు, అందులోనూ ఆరుబయట పనిచేసేవాళ్లకు వస్తుంది. మీ నాయనకు ఇదే అయ్యుంటుందని నా అనుమానం. ఉత్తరం చదివి వేసిన అంచనాయే తప్ప నిర్ధారణ కాదు.

వయ్యారిభామకు చుట్టాలు ఎక్కువ. బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, గట్ల మీద పెరిగే గడ్డిచామంతి, తలనూనెలో కాచే గుంటగలగరాకు అన్నీ ఒకే కుటుంబం. ఒకటి పడనివాళ్లకు మిగతావి కూడా పడకపోవచ్చు. మీ అమ్మగారు రోజూ పటాలకు చామంతి దండలు వేస్తుంటే ఆ పూలు ఎవరు తెంపుతున్నారు, వాడినవి ఎవరు తీస్తున్నారు అని గమనించండి. పుండ్లకు గడ్డిచామంతి పసరు పిండటం మన పల్లెల్లో మామూలే. ఎవరైనా ఆయన చేతికి అది పూస్తుంటే వెంటనే ఆపించండి. కాయ కోత రోజుల్లో మామిడి సొన పడి చేతులు కాలినట్టు నల్లబడటం ఇంకో సంగతి, దాన్ని దీనితో కలపొద్దు.

రెండో ముద్దాయి బీపీ మాత్ర. మాత్ర మార్చింది, దద్దుర్లు వచ్చింది ఒకే ఏడాది అని మీరే రాశారు గానీ రెంటినీ కలిపి చూడలేదు. ఆ షీటు మీద పేరు చివర 'హెచ్' అనో 'హెచ్‌సీటీ' అనో ఉందేమో చూడండి. ఉంటే అందులో హైడ్రోక్లోరోథయజైడ్ కలిసి ఉంటుంది, సాధారణంగా 12.5 మిల్లీగ్రాములు. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గించి బీపీని దించే మందు, మంచి మందే. కానీ కొందరిలో చర్మానికి ఎండ పడకుండా చేస్తుంది. కాళ్ల వాపుకిచ్చే ఫ్యూరోసెమైడ్, గుండె లయకిచ్చే అమియోడరోన్, డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్, కొన్ని నొప్పి మాత్రలు, రాసుకునే నొప్పి జెల్లుల్లో కీటోప్రొఫెన్, ఇవి కూడా ఆ జాబితాలో ఉన్నాయి. అరుదుగా కొన్ని షుగరు మాత్రలు కూడా. అరవై దాటినవాళ్లు రోజుకు ఐదారు రకాలు మింగుతుంటారు, ఏది ఎందుకో వాళ్లకే గుర్తుండదు.

ఇది చదివి ఇవాళే బీపీ మాత్ర ఆపించొద్దు. ఎండ వల్ల మొహం మండుతుంది, అంతే. బీపీ ఎగబాకితే పక్షవాతం రావచ్చు. మాత్ర రాసిన డాక్టరు దగ్గరికి షీటు తీసుకెళ్లి, ఎండకు చర్మం ఇలా అవుతోంది, వేరేది ఇవ్వగలరా అని అడగండి. ఎండతో పేచీ లేని బీపీ మందులు చాలా ఉన్నాయి. మార్చాక కూడా చర్మం వారంలో మారిపోదు, వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పది రోజులు చూసి 'మాత్ర వల్ల కాదు' అని తేల్చేయకండి.

మిగతా కారణాలను డాక్టరు ఎలాగూ చూస్తారు, మీకు తెలియడం కోసం నాలుగు మాటలు. ఎండలోకి వెళ్లిన కొద్ది నిమిషాల్లో దద్దుర్లు లేచి గంటకో రెండు గంటలకో మాయమైతే అది ఒక రకం. ఎండ తగిలిన గంటలకో మర్నాడో చేతుల మీద సన్నటి పొక్కులు లేచి వారం పది రోజుల్లో పోయేది ఇంకో రకం, ఎక్కువగా వయసులో ఉన్న ఆడవాళ్లకు వస్తుంది. చేతి వెనక నీటిపొక్కులు వచ్చి, కాస్త గీసుకున్నా తోలు ఊడిపోతుంటే కాలేయం సంగతి చూడాలి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే లూపస్ అనే జబ్బు వయసు మళ్లాక తక్కువే, అయినా ఏఎన్ఏ అనే రక్త పరీక్ష చేయిస్తారు. సరైన తిండి లేక, లేదా తాగుడు వల్ల, లేదా టీబీకి ఐసోనియాజిడ్ వాడుతూ నియాసిన్ అనే బి విటమిన్ తగ్గినా మెడ చుట్టూ హారంలా నల్లబడుతుంది. ఒకప్పుడు జొన్నన్నం మీదే బతికిన తెలంగాణ పల్లెల్లో ఇది ఎక్కువగా ఉండేది. హైదరాబాద్‌లోని పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు గోపాలన్, శ్రీకాంతియా 1960లో దీనిమీద పరిశోధన ప్రచురించారు. మీ ఇంట్లో పాడి ఉంది, పెద్దాయన బాగానే తింటున్నారు కాబట్టి ఆ అవకాశం తక్కువ.

ఒక్కదాని విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. రెప్పలు ఊదారంగుకు తిరిగి, వేళ్ల కణుపుల మీద గట్టి మచ్చలు వచ్చి, పీట మీద నుంచి లేవాలంటే తొడల్లో సత్తువ లేదని, పై అరలో డబ్బా అందుకోలేకపోతున్నానని అంటే అది కండరాలకు కూడా పాకే జబ్బు. ఆ వయసులో దాని వెనక క్యాన్సర్ దాగి ఉంటుందేమో వెతకాలి. అలాగే ఒళ్లంతా ఎర్రబడి పొట్టు రాలుతున్నా, చలిజ్వరం వచ్చినా ఓపీ కోసం ఆగకుండా ఆసుపత్రిలో చేర్చండి.

ఇప్పుడు ఆ నెలవారీ ఇంజక్షన్. ఏం వేశారో చీటీ లేదు. కానీ పది రోజుల హాయి, పెరిగిన షుగరు చూస్తే స్టెరాయిడ్ అయ్యుంటుందని అనుకోవాలి. దానివల్ల షుగరు, బీపీ, ఎముకలు, కళ్లు దెబ్బతినడం ఒకెత్తు. అసలు కారణాన్ని పట్టుకోవాల్సిన పరీక్షను కూడా అది పాడు చేస్తుంది. నెలల తరబడి వేయించుకున్నారు కాబట్టి ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ తగ్గి ఉండొచ్చు. ఉన్నట్టుండి మానేస్తే నీరసం, వాంతులు, తల తిరగడం రావచ్చు. ఎన్ని వేశారు, ఆఖరుది ఎప్పుడు అన్నది దాచకుండా కొత్త డాక్టరుకు చెప్పండి. ఆర్‌ఎంపీ మీద కోపంతో కాదు, ఆ లెక్క వైద్యానికి అవసరం. ట్యూబు కూడా అంతే. మెడికల్ షాపులో అడగ్గానే ఇచ్చే ట్యూబుల్లో చాలావాటిలో గట్టి స్టెరాయిడ్‌తో పాటు రెండు మూడు వేరే మందులు కలిపి ఉంటాయి. నెలల తరబడి మొహానికి రాస్తే చర్మం పలచబడి, ఎర్రబడి, ఆ ట్యూబే ఎండ పడకుండా చేస్తుంది.

నేను చెబుతున్న పరీక్ష ప్యాచ్ టెస్ట్. వీపు మీద చిన్న చిన్న బిళ్లల్లో వయ్యారిభామతో సహా రకరకాల పదార్థాలు అంటించి 2 రోజులు ఉంచుతారు. తీసి చూస్తారు, మళ్లీ మూడో నాలుగో రోజు ఇంకోసారి చూస్తారు. అన్ని రోజులూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు. మన తిరుపతి మేనెలలో బిళ్లలు వీపు మీద నిలవడం కల్ల, కార్తీకం తర్వాత పెట్టుకుంటే మేలు. జబ్బు బాగా రేగి ఉన్నప్పుడు, స్టెరాయిడ్ ఇంజక్షన్ చేసిన నెల లోపల చేస్తే ఫలితం తప్పొచ్చు. కొన్నిచోట్ల అవే బిళ్లలను రెండు వరసలు అంటించి ఒక వరసకు ఎండలోని కిరణాలు తగిలించి పోలుస్తారు. మొక్కా, ఎండా, రెండూనా అన్నది అక్కడ తెలుస్తుంది. ఈ సౌకర్యం అన్నిచోట్లా ఉండదు, ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

రుయానా వెల్లూరా అన్నారు. మీరు తిరుపతిలోనే ఉన్నారు, రుయాలో చర్మవ్యాధుల విభాగం ఉంది, ఖర్చు తక్కువ. ఓపీలో రద్దీ ఉంటుంది, పొద్దున్నే వెళ్లాలి. చిత్తూరు నుంచి వెల్లూరు సీఎంసీకి గంట ప్రయాణం, మీ జిల్లావాళ్లకు అది అలవాటైన దారే. పరీక్షలన్నీ ఒకచోట అవుతాయి, కానీ ఒకట్రెండు రోజులు అక్కడే ఉండాల్సి రావచ్చు. నా ఆలోచన ఏమిటంటే ఈ వైద్యంలో మొదటి విజిట్ కన్నా ఆ తర్వాతి పది విజిట్లు ముఖ్యం. నిర్ధారణ ఎక్కడ చేయించినా నెలనెలా చూపించుకోవడానికి దగ్గర్లో ఒక డాక్టరు ఉండాలి. వెల్లూరులో మందు మొదలుపెట్టి, దూరమని రక్త పరీక్షలు ఎగ్గొడితే మొదటికే మోసం.

ఎందుకంటే ఈ జబ్బేనని తేలితే వాడే మందులు జాగ్రత్తగా వాడాల్సినవి. రేగినప్పుడు కొద్ది రోజులు స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్, మొహానికి, రెప్పలకు స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ ఆయింట్‌మెంట్ లాంటిది. ఇది మొదట్లో కాస్త మండుతుంది, మండిందని ఆపేయకూడదు. వీటితో ఆగకపోతే ఎక్కువమంది డాక్టర్లు ఒంట్లోని రక్షణ వ్యవస్థ జోరును తగ్గించే అజాథయోప్రిన్ ఇస్తారు. మాత్ర చవకే, కానీ పనిచేయడానికి నెలా రెండు నెలలు పడుతుంది. రక్తకణాలు, కాలేయం ఎలా ఉన్నాయో మొదట్లో రెండు వారాలకోసారి, కుదురుకున్నాక మూడు నెలలకోసారి చూడాలి. టీబీ లేదని ముందే నిర్ధారించుకోవాలి. ఆయనకు కీళ్లవాతం అని ఎవరైనా యూరిక్ యాసిడ్ తగ్గించే అలోప్యూరినాల్ గానీ ఫెబుక్సోస్టాట్ గానీ రాసి ఉంటే అది తప్పకుండా చెప్పండి. రెండూ కలిస్తే రక్తకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఒకవేళ అలాంటిదే మెథోట్రెక్సేట్ అనే మాత్ర రాస్తే అది వారానికి ఒక్కసారే. రోజూ మింగి ప్రాణం మీదకు తెచ్చుకున్న పెద్దవాళ్లున్నారు. ఆ షీటు ఆయన చేతికివ్వకుండా అమ్మగారి దగ్గర పెట్టించండి.

తగ్గుతుందా అంటారా? దురద, పుండ్లు అదుపులోకి వస్తాయి, రాత్రి నిద్ర పడుతుంది, ఇది చాలామందిలో సాధ్యమే. పూర్తిగా పోవడం నెమ్మది. స్కాట్లాండ్‌లో ఇలాంటి రోగులను ఏళ్ల తరబడి గమనిస్తే 10 ఏళ్లకు ఐదుగురిలో ఒకరికి, 15 ఏళ్లకు సగం మందికి ఎండ పడకపోవడం పోయింది. కాబట్టి 'నెల రోజుల్లో సంపూర్ణంగా నయం' అని బోర్డు పెట్టినవాళ్ల దగ్గరికి తిప్పకండి.

తోట విషయానికొద్దాం. మీ తమ్ముడి ప్రేమను నేను తప్పు పట్టను. కానీ బెంగళూరు ఖాళీ సైట్లు వయ్యారిభామకు పుట్టిల్లు. రెండో అంతస్తు ఫ్లాటులో కూర్చున్నా కిటికీ అద్దంలోంచి ఎండలోని ఒక రకం కిరణాలు వస్తూనే ఉంటాయి. మొక్క, ఎండ రెండూ అక్కడా ఉన్నాయి, లేనిది తోట. ఆయన పొద్దంతా టీవీ ముందు కూర్చుంటే షుగరు ఏమవుతుందో కూడా లెక్కలోకి తీసుకోండి. కారణం బీపీ మాత్ర అని తేలితే గుత్తకిచ్చిన తోట గడువు తీరేదాకా వెనక్కి రాదు.

అలాగని ఇప్పుడున్నట్టే సాగనివ్వడం కూడా దారి కాదు. నేనైతే పరీక్షలు పూర్తయ్యేదాకా గుత్త కాగితాల మీద సంతకాలు చేయను. ఈలోగా ఒక ప్రయత్నం ఉంది. ఆయన్ను ఒక నెల మీ ఇంట్లో పెట్టుకోండి, వైద్యం పేరు మీద. తోటకు దూరంగా ఉన్నప్పుడు చర్మం తేరుకుని, వెళ్లిన వారంలోనే మళ్లీ రేగితే అది డాక్టరుకు చాలా పనికొచ్చే కబురు. ఆవులకు, తోటకు మనిషిని చూడాలి, ఖర్చవుతుంది. 'నెలే గదా' అని ఆయన్ను ఒప్పించాలి. తమ్ముడు చెబితే వినరేమో, మీరు చెప్పి చూడండి.

ఆయన తోటకే వెళ్తానంటే పని పద్ధతి మార్చాలి. పొద్దున ఎనిమిదిలోపు, సాయంత్రం ఐదు తర్వాత. పది నుంచి నాలుగు దాకా ఎండ తీవ్రత ఎక్కువ. కలుపు ఆయన తీయకూడదు, తీసే రోజు ఆ దరిదాపుల్లో ఉండకూడదు. కూలీల చేత పూతకు రాకముందే, నేల తడిగా ఉన్నప్పుడు, చేతికి తొడుగులు వేయించి వేళ్లతో సహా పీకించండి. ఎండబెట్టి తగలబెట్టొద్దు. నాలుగెకరాలూ ఒకేసారి కాకపోయినా మోటారు షెడ్డు చుట్టూ, ఆయన నడిచే దారి, ఇంటి వెనక ముందు శుభ్రం చేయించండి. పక్క తోటవాళ్లు చేయించకపోతే గాలికి కొంత వస్తూనే ఉంటుంది, అది మన చేతిలో లేదు. తోట నుంచి రాగానే స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం అలవాటు చేయండి.

తువ్వాలు తలకు చుట్టుకుంటే మొహానికి నీడ రాదు, చుట్టూ అంచున్న టోపీ కావాలి. పలచటి తెల్ల నూలు చొక్కా ఎండను బాగానే లోపలికి పంపిస్తుంది, తడిస్తే మరీనూ. దట్టంగా నేసిన ముదురురంగు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా మేలు. సన్‌స్క్రీన్ అంటే 'ఈ వయసులో స్నోలు పౌడర్లా' అని నవ్వుతారు. మందుల చీటీలో రాయించండి, అప్పుడు రాసుకుంటారు. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30 పైన, పీఏ అన్న అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు ఉన్నది, రెండు వేళ్ల పొడుగునా తీసి మొహానికి, మెడకు. చెమటకు పోతుంది కాబట్టి బయట ఉంటే రెండు గంటలకోసారి మళ్లీ. నిమ్మరసం, బావంచాల నూనె దగ్గరికి రానివ్వొద్దు. అవి రాసి ఎండలోకి పోతే బొబ్బలెక్కుతాయి. ఎండ తగ్గించేస్తున్నారు కాబట్టి విటమిన్ డి ఎంతుందో చూపించి, తక్కువుంటే మాత్ర వేయించండి.

అమ్మగారి పూజలకు అడ్డు చెప్పకండి. కాళహస్తికి తెల్లవారుజామున వెళ్లి ఎండెక్కేలోపు వచ్చేయండి. తలనీలాల మొక్కు మాత్రం పుండ్లు మానాక తీర్చమనండి. గుండు మీద నేరుగా ఎండ పడితే ఇప్పుడున్న స్థితిలో ఆయన తట్టుకోలేరు, పైన పూసే గంధం కూడా కొందరికి పడదు. పూజకు పోయే రోజు, ఆసుపత్రికి పోయే రోజు ఒకటి కాకుండా చూసుకుంటే చాలు.

స్కిన్ డాక్టరు దగ్గరికి అమ్మగారిని కూడా తీసుకెళ్లండి. 'ఇది అంటేది కాదు' అన్న మాట డాక్టరు నోటి నుంచి ఆమె చెవిన పడితే ఊళ్లో పదిమందికి చేరుతుంది. మీరు, నేను చెబితే చేరదు. పైన చెప్పిన గజ్జి లక్షణాలు లేకుంటే, ఇంట్లో పెద్దాయనకు విడిగా కంచం, విడిగా దుప్పటి పెడుతుంటే ఇవాళే తీసేయండి. ఆ పెళ్లి మాట అన్న బంధువు ఇంటికొస్తే ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి వడ్డించండి, అదే జవాబు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఆయన మింగే అన్ని మాత్రల షీట్లు, రాసిన ట్యూబులు, తల నూనె, ఒంటి సబ్బు, షేవింగ్ క్రీము అన్నీ ఒక సంచిలో వేసుకోండి. ఆ ఏడు సంక్రాంతికి తీసిన ఫొటోలు ఫోన్లో ఉంటే అవీ చూపించండి, చర్మం బాగున్నప్పుడు ఎలా ఉండేదో తెలుస్తుంది. ప్యాచ్ టెస్ట్ తేదీ ఖాయమయ్యాక తమ్ముడికి ఫోన్ చేసి ఆ నాలుగు రోజులూ సెలవు పెట్టి రమ్మనండి. బిళ్లలు అంటించాక ఆయన్ను తోటకు పోకుండా ఆపడానికి, చెప్పిన రోజుల్లో మళ్లీ తీసుకెళ్లడానికి ఇంట్లో ఒక మనిషి కావాలి. ఫలితం చెప్పేటప్పుడు అతను పక్కనే ఉంటే తోట సంగతి అప్పుడు ముగ్గురూ కూర్చుని మాట్లాడుకోవచ్చు.